పళ్ల డాక్టరు గారి అల్యూమినియం ప్రాజెక్టు

స్కూలు ప్రాజెక్టులు దండగ అనేవాళ్ల నోళ్లు పడిపోను! అవే లేకపోతే లోకంలో తండ్రులకు చదువు చెప్పే దిక్కెవరు?

నమ్మరా? వీధి మలుపులో ఉండే పళ్ల డాక్టరునే చూడండి. తొమ్మిదో తరగతి చదివే ఆయన కూతురికి కెమిస్ట్రీ ప్రాజెక్టు ఇచ్చారు. ఖనిజం నుంచి లోహం తీయడం మేలా, పాతదాన్ని కరిగించి మళ్లీ వాడుకోవడం మేలా? పోల్చి చూపాలి.

ఆ పిల్ల అమాయకురాలు. ప్రాజెక్టు తనదే అనుకుంది! కూర్చుని చదివి, రెండు పేజీలు రాసేసింది. ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతుతోనే పాతదాన్ని కరిగించవచ్చట! ఇంట్లో ఖాళీ డబ్బాలు ఏరి, కడిగి ఆరబెట్టింది కూడా.

తండ్రి చూసి గుండె బాదుకున్నాడు. "ఇంతేనా? రెండు కాగితాలూ, నాలుగు డబ్బాలూనా? మన పరువేం కాను?"

"పోల్చమన్నారంతే నాన్నా. పోల్చాను."

"నువ్వుండమ్మా, నీకు తెలీదు."

అంతే, క్లినిక్కుకు తాళం వేసి, గని నమూనా కట్టడానికి దిగాడు. పన్ను నొప్పితో వచ్చినవాళ్లు దవడ పట్టుకుని వచ్చిన దారినే పోయారు. పోతే పోనీండి! పళ్లు ముప్ఫైరెండున్నాయి, గని ఒక్కటే కదా! పన్ను తొలిచే డ్రిల్లుతోనే ఆయన థర్మోకోల్ కొండకు సొరంగం తవ్వాడు. పక్కనే ఓ కొలిమి బొమ్మ చేసి, అందులో ఎర్ర బల్బు పెట్టాడు.

కూతురు కడిగిన డబ్బాలు సొట్టలు పడ్డాయని పారేశాడు. రీసైక్లింగ్ విభాగానికి కొత్త కూల్‌డ్రింకు డబ్బాలు తెచ్చి, తాగే ఓపిక లేక సింకులో ఒంపేశాడు. భూమాతను కాపాడాలంటే ఆమాత్రం త్యాగం వద్దా?

చివరికి వంటింట్లో తన తల్లి వాడే అల్యూమినియం పాలగిన్నె మీద కన్నుపడింది. సుత్తి పట్టుకొచ్చాడు.

"ఒరేయ్, అది నిక్షేపంలా ఉందిరా!" అంది తల్లి.

"నిక్షేపంలా ఉంటే రీసైకిల్ ఎలా అవుతుందమ్మా? ముందు పాడవ్వాలి!"

ఒక్క దెబ్బకు గిన్నె శాస్త్రీయమైపోయింది.

ఎగ్జిబిషన్ రోజు హాలు నిండా తల్లిదండ్రులే. పక్క టేబుల్ దగ్గర ఓ తల్లి రాగి గురించి చెబుతూ తడబడితే కొడుకు మెల్లగా మాట అందించాడు. ఎంత బాధ్యత గల పిల్లాడో!

మార్కులు వేసే మేడమ్ మన గని దగ్గర ఆగి పిల్లనడిగింది. "ఈ ప్రాజెక్టులో నీకు బాగా ఆశ్చర్యమనిపించిందేంటమ్మా?"

"మా నాన్న, మేడమ్."

మేడమ్ ఫక్కున నవ్వింది. మిగతాదంతా డాక్టరే అనర్గళంగా వివరించాడు. ఫస్టు ప్రైజు ఇంకెవరికి వస్తుంది మరి!

ఇంటికొచ్చే దారిలో ఆయన కాళ్లు నేల మీద లేవు. "చూశావా, మనమే ఫస్టు!"

"మనమంటే ఎవరు నాన్నా?"

పిల్ల కోపంగా కూడా అడగలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. డాక్టరు తన చంకలోని ప్రైజును తీసి పిల్ల చేతిలో పెట్టాడు.

ఇప్పుడు అసలు ఘోరం వినండి! మళ్లీ వారం బయాలజీ ప్రాజెక్టు వచ్చింది. పిల్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. లోపల కత్తెర చప్పుడు. మధ్యమధ్య ఏదో పడిపోయిన చప్పుడు, "అబ్బా" అన్న విసుగు, మళ్లీ కత్తెర.

డాక్టరు తలుపు తట్టాడు. "ఏమైనా కావాలామ్మా?"

"ఏం వద్దు నాన్నా. తెలీనిదొస్తే నేనే అడుగుతాగా."

ఆయన అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాగా పొద్దుపోయాక తలుపు తెరుచుకుంది. వేళ్ల నిండా జిగురు, మొహం నిండా వెలుగు. చేతిలో ఓ వంకర గుండె బొమ్మ.

"నాన్నా, ఈ కవాటం ఎందుకు ఒకవైపే తెరుచుకుంటుంది?"

డాక్టరుకు తెలుసు. చెప్పాడు. వంకరను సరిచేయబోయిన చేతిని మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

ఆ బొమ్మకు ప్రైజేమీ రాలేదు. రాదు మరి! పిల్లలే చేసుకుంటూ పోతే, తండ్రుల భవిష్యత్తు ఏం కావాలండీ?