జీవజలం ఉచితం

తింజాన్ నీళ్ళ పండగ వెళ్ళిన శనివారం పొద్దున్న, రంగూన్ స్తెఫను గుడి తెలుగు ఉపదేశి కూర్మనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. అచ్చాఫీసు నుంచి వచ్చిన మూడు వందల కరపత్రాలు పట్టుకుని అహ్లోన్ వెళ్ళాలి, బియ్యపు మిల్లు కూలీల లైన్లలో పంచాలి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి చల్దన్నం తినాలి. అంతకు మించి లోకానికి మేలు చేసే ఉద్దేశం ఆ రోజుకి ఆయనకు లేదు.

చికాకోలులో బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఆయనకు పౌలు అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచేది హార్‌గ్రీవ్స్ పాదిరిదొర ఒక్కరే. తక్కిన లోకానికి ఆయన కూర్మనాథమే. గుడిలో పొద్దున్న ఇంగ్లీషు ఆరాధన, పదింటికి అరవ ఆరాధన, ఎండకి కాకులు కూడా నోరు తెరవని నాలుగు గంటల వేళ తెలుగు ఆరాధన. తెలుగు ఆరాధనకు వచ్చేవాళ్ళు పదకొండు మంది. పన్నెండో మనిషి హార్మోనియం వాయించేవాడు, అతను అరవవాడు.

ఆ నెల సంఘ కమిటీ వారు టీ తాగుతూ, బయటి బీదప్రజల మధ్యకు వెళ్ళి సేవ చెయ్యాలని తీర్మానించారు. తీర్మానించడం కమిటీ వంతు, వెళ్ళడం కూర్మనాథం వంతు. ఆ తీర్మానానికి ఒక తోక కూడా ఉంది. సీమ నుంచి మిషన్ తనిఖీ దొర వస్తున్నాడు. ఆయన వచ్చేనాటికి తెలుగు ఆరాధనలో కనీసం యాభై మంది లేకపోతే, దాన్ని అరవ ఆరాధనలో కలిపేస్తారు. కలిపేశాక ఇద్దరు ఉపదేశులెందుకు? ఈ ప్రశ్నకు జవాబు కమిటీకి తెలుసు, అరవ ఉపదేశికి తెలుసు, కూర్మనాథానికి మరీ బాగా తెలుసు.

అందుకే రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని కరపత్రం రాశాడు. "ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు స్తెఫను గుడిలో జీవజలం ఉచితంగా ఇవ్వబడును. కులమత భేదం లేదు. దప్పిగొన్నవారందరూ రావలెను." చదువుకుని తనకు తానే ముచ్చటపడ్డాడు.

అహ్లోన్ లైన్లలో ఆ కరపత్రానికి జరిగిన మర్యాద ఆయన జన్మలో ఎరగడు. మామూలుగా వాటిలో చుట్టపొగాకు చుట్టుకుంటారు. ఆ రోజు ఆడవాళ్ళు చుట్టూ మూగారు. అక్షరం వచ్చిన దండాసి మేస్త్రీ పైకి చదివాడు. చదివి, "జీవజలం అంటే ఏటనుకున్నారు? కదల్డం మెదల్డం ఉన్న నీరు. అంటే నూతినీరు కాదు, కొళాయి నీరు" అని టీక చెప్పాడు. ఆ లైన్ల మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కొళాయి మూడు వారాలుగా చెడిపోయి ఉందనీ, ఊరంతా పండగని ఒకరి నెత్తిన ఒకరు నీళ్ళు గుమ్మరించుకుంటుంటే వీళ్ళు ఉప్పుతగిలిన ఏటినీళ్ళు కాచుకుని తాగుతున్నారనీ కూర్మనాథానికి తెలియదు. కరపత్రాలు పంచేవాడు కొళాయిలు చూస్తూ కూర్చుంటాడా?

చిలకమ్మ అనే ఆవిడ ముందుకొచ్చింది. లైన్లలో ఆడవాళ్ళకి ఆవిడ మాటంటే మాటే.

"ఎంతమందికైనా ఇస్తారా బావూ?"

"ఎంతమందికైనా."

"మా కులపోళ్ళు ముట్టుకుంటే ఏటీ అనరు గదా?"

"అక్కడ కులం లేదమ్మా."

"మరి మాం ఏటి తేవాల?"

కూర్మనాథం రెండు చేతులూ జోడించాడు. "ఏమీ తేవద్దు తల్లీ. ఖాళీగా రండి. నిండుగా వెళ్తారు."

వాళ్ళు ఆయన మాట అక్షరాలా పాటించారు. ఆదివారం నాలుగు కాకుండానే రెండు వందల పైచిలుకు ఆడవాళ్ళు, ఒక్కొక్కరు ఒక్కో ఖాళీ బిందెతో, కడవతో, కిరసనాయిలు డబ్బాతో గుడి నిండా కూర్చున్నారు. చోటు చాలక కొన్ని బిందెలు బల్లలమీదా, వాటి మనుషులు కిందా కూర్చున్నారు. వేదిక పక్క గుమ్మంలోంచి చూసిన కూర్మనాథానికి సంగతి క్షణంలో అర్థమైంది. మరుక్షణంలో పక్కన పాదిరిదొర నిలబడి ఉన్నాడనీ అర్థమైంది.

హార్‌గ్రీవ్స్ దొర మంచివాడు. తెలుగంటే ప్రాణం. సీమలో ఒక పాత వ్యాకరణ పుస్తకం కంఠతా పట్టి వచ్చాడు. సాధన చెడుతుందని కూర్మనాథంతో ఇంగ్లీషు ముక్క మాట్లాడడు. ఆయన తెలుగు విని జనం ఎవరినో తిడుతున్నాడనుకునేవారు.

"పౌలూ, వీరు ఈ ఘటములను ఏల తెచ్చిరి?"

కూర్మనాథం నుదురు తుడుచుకున్నాడు. "అది మా దేశపు ఆచారమండి. ఖాళీ హృదయంతో వచ్చామని చెప్పడానికి గుర్తు."

"ఎంత గంభీరము," అని దొర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత జనం ముందు నిలబడి చేతులు చాచాడు. "ఓ స్త్రీలారా, మీరు నిజముగా దప్పిగొని యున్నారా?"

"ఉన్నామండి బావూ," అన్నారు రెండు వందల గొంతులు.

"ఎంతకాలమునుండి?"

"మూడు వారాలండి."

మనిషి పుట్టుకనుంచీ దప్పిగొని ఉన్నాడని చెప్పడానికి సిద్ధపడి వచ్చిన దొరకు ఆ లెక్క కొంచెం వింతగా తోచినా, ఏ మూడు వారాల కిందటో వీళ్ళకు పాపభీతి పుట్టిందనుకుని సంతోషించాడు. నలభై నిమిషాలు ప్రసంగించాడు. ఆయన "జలము" అన్నప్పుడల్లా జనంలో కదలిక కనిపించింది. ఇంగ్లీషు ఆరాధనలో ఆయన ఏ మాటన్నా ఎవరూ కదిలేవారు కాదు.

ప్రసంగం అయ్యాక చిలకమ్మ లేచింది. "మాటలు బాగున్నాయి బావూ. నీరేది?"

గుడి పక్కన దొరగారి పచ్చికమైదానం ఉంది. ఇంగ్లండు గడ్డి, ఇంగ్లండు గులాబీలు, వాటికి రంగూన్ కొళాయి. కూర్మనాథం మరో దారి లేక అటు చెయ్యి చూపించాడు. తోటమాలి కో తిన్ గొట్టం పట్టుకుని, "మయబూ, కూడదు" అని రెండు భాషల్లో అడ్డుపడ్డాడు గాని, రెండు వందల బిందెల ముందు ఏ భాషా నిలవలేదు.

"గుడి ఆవరణలో నీటిని కూడా పవిత్రంగా ఎంచుతున్నారండి," అన్నాడు కూర్మనాథం. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధం చెప్పడం అంత కష్టమేమీ కాదని ఆయనకు తెలిసొచ్చింది.

ఆ సాయంత్రమే దొర, అప్పటికే ఓడ దిగి పై ఊళ్ళ మిషన్లు చూస్తున్న తనిఖీ దొరకు ఉత్తరం రాశాడు. పై ఆదివారం తరవాతి ఆదివారం వచ్చి ఈ అద్భుతం కళ్ళారా చూడమన్నాడు. అంతవరకు రోజూ సాయంత్రం ప్రార్థన ఉంటుందని ప్రకటించాడు. కూర్మనాథం ప్రార్థన ముందు, నీళ్ళు తర్వాత అని నియమం పెట్టాడు. ఆడవాళ్ళు నాలుగు రోజుల్లో మూడు కీర్తనలు నేర్చారు. మిల్లు కూతకు అలవాటుపడ్డ గొంతులు కావడం వల్ల హార్మోనియం అవసరం కూడా పోయింది. గులాబీలు వాడిపోయాయి, పచ్చిక గోధుమరంగుకు తిరిగింది. "తృణము ఎండిన నేమి, ఆత్మలు చిగిర్చుచున్నవి," అన్నాడు దొర.

శుక్రవారం నాడు చిలకమ్మ సూటిగా దొర దగ్గరకే వెళ్ళింది. "బావూ, రోజూ అంతదూరం నుంచి మోసుకోలేక నడుం పడిపోతన్నాది. మా లైన్లో కొళాయి సెడిపోనాది. సెప్పినా ఇనీవోడు నేడు. పిల్లల నోళ్ళెండిపోతన్నాయి. నీవు సెప్తే మిల్లుదొర ఇంటాడు."

ఆ మాటల్లో దొర వ్యాకరణంలో ఉన్నవి రెండో మూడో. "పౌలూ, కొళాయి యనగా నేమి?"

నిజం చెబితే కొళాయి బాగవుతుంది. కొళాయి బాగైతే ఉద్యోగం పోతుంది. కూర్మనాథం గొంతు సవరించుకున్నాడు. "ఊట అండి. మా ఊట పూడిపోయింది, బాగుచేసేవాడు లేడు, మా మొర వినేవాడు లేడు, మా బిడ్డల నోళ్ళు ఎండిపోతున్నాయి, మా తరఫున పెద్దాయనతో మీరు చెప్పండి అంటోందండి. అంటే హృదయంలో ఊట. పెద్దాయన అంటే దేవుడు."

దొర జేబులోంచి పుస్తకం తీసి ఆ మాటలు ఒక్కటి పోకుండా రాసుకున్నాడు. చిలకమ్మ ఆయన రాసుకోవడం చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఇంట్లో సంగతి విన్న భార్య తాయారు, అన్నం కలపడం ఆపింది. "ఏటండీ, కొళాయి అన్న ముక్కకి అంత పెద్ద అర్థం ఉందా?"

"సందర్భాన్ని బట్టి ఉంటుందే."

"మరి మనింట్లో నీళ్ళు రాకపోతే కూడా హృదయంలోనే రావట్లేదని ఊరుకుంటారా?"

"తనిఖీ దొర వచ్చి వెళ్ళనీ. మర్నాడే చెప్పేస్తాను."

"ఆ పది రోజులూ ఆ పిల్లలు ఏటి తాగుతారో అది కూడా మీరే చెప్పండి," అని తాయారు కంచం ముందునుంచి లేచిపోయింది. కూర్మనాథానికి కూడా ముద్ద దిగలేదు. దిగకపోయినా మనసు మార్చుకోలేదు.

ఆదివారం పొద్దున్న ఇంగ్లీషు ఆరాధనలో దొర, తూర్పుదేశపు భక్తి ఎంత కవితామయమో వినండంటూ, ఒక బీద కూలిస్త్రీ చేసిన ప్రార్థన అని ఆ పుస్తకం తెరిచి చదివాడు. ఊట పూడిపోయిందన్నాడు. బాగుచేసేవాడు లేడన్నాడు. మొర వినేవాడు లేడన్నాడు. బిడ్డల నోళ్ళన్నాడు. "అహ్లోన్ నుండి ఈ ప్రార్థన వచ్చింది. దీన్ని వినవలసినవాడు వింటాడని నా విశ్వాసం," అని కళ్ళు పైకెత్తాడు. మొదటి వరసలో కూర్చున్న మిల్లు మేనేజరు దొరకు ఆ కళ్ళు తనమీదనే ఉన్నట్టు తోచింది. కొళాయి గురించి వచ్చిన అర్జీలు మూడూ ఆయన సొరుగులోనే ఉన్నాయి. ఆయన మెడ ఎర్రబడింది. పక్కనున్న దొరసాని ఆయన వైపు ఒక్కసారి చూసింది. ఇరవై ఏళ్ళ ప్రసంగాల్లో పాదిరి ఇంత ఘాటుగా, ఇంత డొంకతిరుగుడుగా ఒక మనిషిని నిలదీయడం ఎప్పుడూ లేదని మేనేజరు తర్వాత క్లబ్బులో చెప్పుకుని బాధపడ్డాడట.

మంగళవారానికల్లా లైన్లలో కొత్త గొట్టం వేశారు. ఒక కొళాయి చోట రెండు పెట్టారు.

బుధవారం సాయంత్రం ప్రార్థనకు ఒక్క బిందె కూడా రాలేదు. కూర్మనాథం పరుగున అహ్లోన్ వెళ్ళాడు. చిలకమ్మ కొత్త కొళాయి కింద అంట్లు తోముతోంది.

"రా బావూ, సల్లగుండాల. నీవూ, నీ దొరా మాట నిలబెట్టుకున్నారు. నీ పేర కొబ్బరికాయ కొట్టినాం."

"ఎక్కడ?"

"మా అమ్మోరికి. మీ దేముడు కొబ్బరికాయ పుచ్చుకోడంట గదా."

"ఆదివారం వస్తారు కదూ? దొరలు వస్తున్నారు."

చిలకమ్మ ఆయన్ని జాలిగా చూసింది. "ఎందుకోసరం బావూ? నీరొచ్చీసినాది గదా."

తనిఖీ దొర వచ్చిన ఆదివారం నాలుగు గంటలకు గుడిలో పదకొండు మంది ఉన్నారు. తాయారు భర్త ముఖం చూసి తల దించుకుంది. తనిఖీ దొర ఖాళీ బల్లలు ఒకటొకటీ చూసి, చేతిలో ఉత్తరం చూసి, పాదిరి వైపు చూశాడు. పాదిరి కూర్మనాథం వైపు చూశాడు.

"పౌలూ, ఆ ద్విశతజనులు ఎచట?"

ఇంక దాచడానికేమీ మిగల్లేదు. ఉద్యోగం ఎలాగూ పోయింది, కనీసం నిజమైనా చెప్పి పోదామనుకున్నాడు కూర్మనాథం. దొరకు అర్థం కావాలని ఒక్కో మాటా ఏరి, ఆయన వ్యాకరణంలోనే చెప్పాడు. "అయ్యా, వారి నీటి మార్గము మూసుకొనిపోయి యుండెను. ఇప్పుడు అది తెరవబడినది. జలము ధారాళముగా వచ్చుచున్నది. ఇక వారికి దప్పిక లేదు. కావున వారు రారు. వారు వచ్చినది జలముకొరకే."

పాదిరి కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేసి తనిఖీ దొరకు వినిపించాడు. తనిఖీ దొర, తాను చూసిన ఎన్నో మిషన్లలో పని ఇంత సంపూర్తిగా ముగిసిన చోటు ఇదొక్కటేనని, కూర్మనాథం చెయ్యి పట్టుకుని ఊపాడు.

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. రంగూన్‌లో తెలుగు పని పూర్తయింది గనుక, మిగిలిన పదకొండు మందినీ అరవ ఆరాధనలో కలపవలెను. ఉపదేశి పౌలు వంటి సమర్థుణ్ణి, పని ఇంకా మొదలుకాని చోటికి పంపవలెను. ఆ చోటు ఇన్సేన్ దాటి, రైల్లో ఒకటిన్నర రోజు ప్రయాణం. తాయారు సామాను సర్దుతూ, అక్కడ తెలుగువాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోమంది.

కూర్మనాథం కనుక్కున్నాడు. ఇద్దరున్నారట, వాళ్ళిద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవట.