ముందు క్రియ, తర్వాత లిఫ్టు

ఇంగ్లీషులో తప్పులు దిద్దే మనిషి ఒక్కరుంటే చాలు, ఆ ఇంట్లో ఇక కష్టాలే ఉండవు. నవ్వకండి! ఉన్నవన్నీ తప్పులే అవుతాయి. తప్పుల్ని దిద్దుకోవచ్చు కదా! ఇది ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు. అలాంటి మనిషిని నేను ఏరి కోరి కట్టుకున్నాను.

మా ఆయనకి వాక్యం కనిపిస్తే చాలు. అందులో కర్త ఎక్కడుందో, క్రియ ఎక్కడుందో పట్టుకుని, రెండింటికీ పొత్తు కుదిరిందో లేదో చూస్తారు. ఒక్కరుంటే 'ఈజ్', పదిమంది ఉంటే 'ఆర్'. పదిమంది పక్కన 'ఈజ్' నిలబడిందా, ఆయనకి అన్నంలో రాయి తగిలినట్టే! కూరలో ఉప్పు మరిచిపోతే పాపం సర్దుకుపోతారు. క్రియ చివర 'ఎస్' మరిచిపోతే మాత్రం సర్దుకోరు.

ఇదంతా చాదస్తం అంటారు కొందరు. ఎంత అన్యాయం! దీనివల్ల నేను పొందిన లాభాలు వాళ్ళకేం తెలుసు?

పెళ్ళి కుదిరాక ఆయనకో ఉత్తరం రాశాను. 'మై థాట్స్ ఈజ్ ఆల్వేస్ విత్ యూ' అని. నా తలపులెప్పుడూ మీ దగ్గరే అని దాని భావం లెండి. వారం తిరక్కుండా జవాబొచ్చింది. విప్పి చూస్తే నా ఉత్తరమే! 'ఈజ్' కొట్టేసి, పైన ఎర్ర ఇంకుతో 'ఆర్' అని రాసుంది. కింద సంతకం. ఆయన తలపులు ఎక్కడున్నాయో ఇప్పటిదాకా తెలియలేదు కానీ, నావి బహువచనమని మాత్రం ఆ రోజే తెలిసింది. ఏ పెళ్ళికొడుకు చెబుతాడండీ ఇంత వివరంగా?

మా అమ్మాయి కాలేజీ నుంచి 'మై ఫ్రెండ్స్ హ్యాజ్ లెఫ్ట్ మి' అని ఏడుస్తూ మెసేజ్ పెడితే, 'హ్యావ్' అని క్షణంలో వెళ్ళింది నాన్న ఓదార్పు. పిల్ల ఏడుపు టక్కున ఆగిపోయింది. ఒళ్ళు మండినప్పుడు కన్నీళ్ళు ఇంకిపోతాయి కదా! రేపెప్పుడైనా మా ఇంటికి దొంగ వచ్చి ఇంగ్లీషులో బెదిరించాడే అనుకోండి. వాడు నగల సంగతి మరిచిపోయి, పాఠం చెప్పించుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతాడు. తాళాలు కూడా దండగే!

ఇంతటి రత్నాన్ని ఇంట్లోనే దాచుకుంటే స్వార్థం అనిపించుకుంటుంది. అందుకే మా బిల్డింగువాళ్ళు ఆయన్ని సెక్రటరీని చేశారు. కుర్చీ ఎక్కగానే ఆయన ఒక రూలు పెట్టారు. కంప్లయింటు ఏదైనా సరే ఇంగ్లీషులో, కాగితం మీద, తప్పుల్లేకుండా ఇవ్వాలి. తప్పుంటే దిద్దుబాటుకి తిరిగొస్తుంది. అంతా సరిగ్గా ఉంటేనే రిపేరువాళ్ళకి వెళ్తుంది. ఎవరికి వారు ఫోన్లు చేసేసి బిల్డింగు పరువు తియ్యకూడదు.

ఫలితం చూడండి! కంప్లయింట్లు సగానికి సగం పడిపోయాయి. రెండో అంతస్తు లాయరు గారి బాత్రూములో పైపు కారుతూనే ఉంది. కారేది నీళ్ళా, చుక్కలా, దేనికి ఏ క్రియ వాడాలో తేలక ఆయన కంప్లయింటు రాయనే లేదు. బకెట్టు పెట్టుకున్నారు. నీళ్ళూ దక్కాయి, మర్యాదా దక్కింది.

ఇలా సుఖంగా ఉండగా మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆవిడ ఇంటికొచ్చిన మర్నాడే లిఫ్టు ఆగిపోయింది. మాది నాలుగో అంతస్తు.

ఎముకల డాక్టరు ముందే గట్టిగా చెప్పి పంపారు. "రోజూ తీసుకొచ్చి మెషీన్ మీద కాలు వంపించాలమ్మా. ఇప్పుడు వంగకపోతే ఇక ఎప్పటికీ వంగదు. మెట్లు మాత్రం దించొద్దు" అని. ఆ మెషీను మంచమంత ఉంటుంది, ఇంటికి రాదు. పోనీ అత్తయ్యని కుర్చీలో మోసుకుపోదామంటే మెట్ల మలుపులో కుర్చీ తిరగలేదు. లిఫ్టేమో సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా నోరు తెరుచుకుని ఉండిపోయింది. తలుపులు మూసుకుంటేనే అది కదిలేది. అవి మూసుకోవు.

నేను కాగితం తీసుకుని రాశాను. 'ద డోర్స్ ఆఫ్ ద లిఫ్ట్ ఈజ్ నాట్ క్లోజింగ్.' సెక్రటరీ గారికి అందజేశాను. అందజేయడం అంటే ఏముంది, సోఫాలో పక్కకి తిరిగి చేతికివ్వడమే. అటు తిరిగిన కాగితం ఇటు తిరిగొచ్చింది.

"తలుపులు రెండు కదోయ్! పక్కన లిఫ్టు కనిపించేసరికి మోసపోయావు. పక్కనున్నదాన్ని చూడకూడదు. మళ్ళీ రాసివ్వు."

"ఏమండీ, మీ అమ్మగారి కాలండీ..."

"అమ్మ కాలు ఇందులోకి ఎందుకు? వాక్యం పొడుగైపోతుంది."

మళ్ళీ రాశాను. ఈసారి తలుపులైనా, బటన్ అయినా ఏదో ఒకటి చెడింది అని 'ఐదర్' పెట్టి, 'ఆర్ డిఫెక్టివ్' అని ముగించాను. అదీ తప్పేనట! రెంటిలో ఏది క్రియకి దగ్గరుంటే దాన్ని బట్టి పోవాలట. దగ్గరున్నది బటన్, అది ఒక్కటే, కాబట్టి 'ఈజ్'. నిన్న పక్కనున్నదాన్ని చూడకూడదన్న మనిషే ఇవాళ పక్కనున్నదాన్నే చూడాలన్నారు. పోనీలెండి! దగ్గరున్నవాళ్ళని పట్టించుకునే పద్ధతి ఇంగ్లీషులో ఉందని తెలిసి నాకు ఎంతో సంతోషం వేసింది.

మూడోసారి రాసింది గట్టెక్కింది. అయితే దాని మీద కమిటీ తీర్మానం కావాలి. మీటింగు మా హాల్లోనే పెట్టారు. 'కమిటీ నిర్ణయించింది' అనడానికి 'హ్యాజ్' రాయాలా, 'హ్యావ్' రాయాలా?

"కమిటీ అంటే ఒక్కటేనండీ. హ్యాజ్" అన్నారు లాయరు గారు.

"ఒక్కటెలా అవుతుందండీ? తలో మాటా అంటుంటేను! హ్యావ్" అంది కింది ఫ్లాటు పళ్ళ డాక్టరమ్మ.

"కోర్టులో అలా రాస్తే బయటికి గెంటేస్తారు."

"నా దగ్గరికి వచ్చినప్పుడు నోరు తెరుస్తారుగా, అప్పుడు చూసుకుందాం."

గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ఆపరేషన్ కాలు స్టూలు మీద చాపుకుని, లిఫ్టు వంక చూస్తూ కూర్చున్న మా అత్తయ్య నన్ను పిలిచారు.

"అమ్మాయ్, లోపల కొట్టుకుంటున్నది లిఫ్టు గురించేనా?"

"దాని గురించే అత్తయ్యా."

"మరి లిఫ్టు అన్న మాట ఒక్కసారీ వినిపించలేదే!"

ఇలాంటి వాళ్ళకి సూక్ష్మ విషయాలు ఎలా చెబుతాం చెప్పండి? అప్పటికి రోజులు చాలానే గడిచాయి. ఆవిడ కాలు పట్టుకుని మెల్లగా వంచబోతే అబ్బా అని నా చెయ్యి తోసేస్తున్నారు. మొదట్లో మోకాలి కింద దిండు పెడితే కాస్త వంగేది. ఇప్పుడు కాలు కర్రలా నిలబడుతోంది. ఏం, కంప్లయింటు మాత్రం నిలబడలేదా? లాయరు గారే ఓడిపోయారో, డాక్టరమ్మే విసిగిపోయిందో కానీ, చివరికి ఆ వాక్యం సిద్ధమైంది. ఎంత అందంగా ఉందంటే, చదివి అందరూ చప్పట్లు కొట్టారు. లిఫ్టు కంపెనీకి పంపారు.

మర్నాడే జవాబొచ్చింది. 'అవర్ మెన్ ఈజ్ కమింగ్ టుమారో.'

మా ఆయన మొహం వాడిపోయింది. సవరించి పంపగలరని రాసి వెంటనే తిప్పి పంపారు. వాళ్ళు సవరించనూ లేదు, మనుషులు రానూ లేదు. తప్పు క్రియ మీద ఎక్కి వచ్చే మనుషుల చేత లిఫ్టు ముట్టనిస్తారా ఎవరైనా? ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు న్యాయం!

ఇక ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసులో ఉండగా అత్తయ్య రూలు తప్పారు. లిఫ్టు లోపల గోడ మీద మెకానిక్ నంబరు అంటించి ఉంది. తలుపులు తెరిచే ఉన్నాయి కాబట్టి మా గుమ్మంలోకి చక్కగా కనిపిస్తుంది. ఆవిడ నా ఫోను లాక్కున్నారు.

"బాబూ, మా లిఫ్టు చెడిపోయింది. నేను కాలు పట్టుకుని కూర్చున్నాను. వస్తావా, రావా?"

వచ్చాడు. నేను కలిపిన టీ చల్లారకముందే వచ్చాడు. తలుపు గాడిలో ఇరుక్కున్న హెయిర్ పిన్ ఒకటి లాగి పారేశాడు. లిఫ్టు బుద్ధిగా నోరు మూసుకుంది. ఇంగ్లీషు ముక్క లేకుండా అయిన ఆ రిపేరుకి విలువేముంటుంది చెప్పండి!

ఆ సాయంత్రమే అత్తయ్యని తీసుకెళ్ళాను. డాక్టరు ఆ కాలిని వంచి చూశారు. కొంచెం వంగి ఆగింది. మళ్ళీ ప్రయత్నించారు. అత్తయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. "ఇన్నాళ్ళు ఎందుకు తీసుకురాలేదమ్మా?" అని డాక్టరు నన్నడిగారు. ఏమని చెప్పను? ఐదర్ అని చెప్పనా?

ఇంటికొచ్చేసరికి మా ఆయన హాల్లో ఉన్నారు. లిఫ్టులోనే పైకొచ్చారు, కింద ఎవరో విషయం చెప్పేసినట్టుంది.

"రూలు తప్పావటగా అమ్మా! సరేలే. డాక్టరు ఏమన్నాడు?"

అత్తయ్య నన్ను పట్టుకుని కుర్చీలోకి వాలారు. కాలు వంగలేదు. అలాగే ముందుకి చాపుకున్నారు.

"ఇక వంగదటరా."

మా ఆయన ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశారు. అందులో దిద్దడానికి ఆయనకేమీ దొరకలేదు.