నలభై ఒకటో కన్నం

ఆ రోజుకు గుమాస్తాగారి పథకం చాలా చిన్నది. పొద్దున్నే కొట్టం ముందు ఊడ్చి, భార్య బస్సు దిగి వచ్చేసరికి కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఆవిడ గోడ చూసి మెచ్చుకుంటే "ఏముందిలే" అనాలి. ఆ "ఏముందిలే"ని అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాడు కూడా.

ఆ ఇటుకల కొట్టం ఆవిడ ముత్తాత కట్టింది. పాత కట్టడాల జాబితాలో చేరితే దాని జోలికి ఎవరూ రారు. చేరకపోతే రోడ్డు వెడల్పు చేసేవాళ్లు వచ్చే నెలలోనే కూల్చేస్తారు. జాబితా ఇంజనీరు ఈ రోజే చూడ్డానికి వస్తోంది. నాలుగు రోజుల కోసం చెల్లెలి ఇంటికి వెళ్తూ ఆవిడ, "మీరు మాత్రం గోడ మీద చెయ్యి వెయ్యకండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన బాగుచేసిన వస్తువేదీ వారం నిలవలేదు మరి. కొట్టిన మేకు ఊడేది, బిగించిన కుళాయి చేతికొచ్చేది. ఆవిడ ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయన్ని లోపల తొలిచేసేది. ఒక్కటంటే ఒక్కటి, ఆవిడ కోసం, నిలిచేలా చెయ్యాలని ఆయన కోరిక.

ఆయన రిటైరయ్యాకే వాళ్లు ఇక్కడికి కాపురం వచ్చారు. అంతకుముందు అల్లుడి హోదాలో వచ్చిపోవడమే తప్ప కొట్టం వెనక్కి ఆయన ఎన్నడూ వెళ్లలేదు. సోమవారం వెళ్లి చూస్తే గోడలో నలభై ఒక్కచోట్ల ఇటుకలు లేవు. ఊడిపోయిన ఇటుకలు అంత వరుసగా ఎందుకు ఊడతాయన్న అనుమానం ఆయనకు రాలేదు. తాపీ కొన్నాడు, సిమెంటు కలిపాడు, మోకాలి ఎత్తున ఒంటరిగా ఉన్న కన్నంతో మొదలుపెట్టి రెండు రోజుల్లో అన్నీ మూసేశాడు.

లోపల ఆదివారమే నింపిన గడ్డి ఉంది, ఇంకా సరిగ్గా ఆరనిది.

గురువారం పొద్దున పాలవాడు గేటు దగ్గరే ఆగిపోయాడు. "సార్, మీ కొట్టంలోంచి పొగొస్తోంది."

"పొగ కాదులే, మంచు."

"తలుపు సందులోంచి మంచొస్తుందా సార్?"

గుమాస్తాగారు తలుపు తీస్తే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. పాలవాడు అప్పటికే ఫోన్ చేసేశాడు. ఫైరింజను గేటులో ఇరుక్కుంది. దాని వెనక ఇంజనీరమ్మ జీపు ఆగింది. జీపు వెనక ఆటోలోంచి సంచీతో ఆవిడ దిగింది. కుర్చీ వేసుకునే వ్యవధి కూడా ఆయనకు దొరకలేదు.

ఫైరింజను పెద్దాయన గడ్డిలో చెయ్యి పెట్టి చూశాడు. "పచ్చి గడ్డి గాలాడక మగ్గి వేడెక్కింది. ఇంకా అంటుకోలేదు. కానీ గడ్డి బయటికి లాగేలోపు అటునుంచి ఇటు గాలి ఆడాలి. వెనక గోడ పగలగొట్టండి."

"గోడ పగిలితే జాబితాలో చేరదు," అంది ఇంజనీరమ్మ.

"పగలగొట్టడం ఎందుకయ్యా? గాలి ఆడాలనే మా ముత్తాత గోడలో కన్నాలు వదిలాడు, రండి చూపిస్తా," అని ఆవిడ కొట్టం చుట్టూ తిరిగి వెళ్లి నిలబడిపోయింది. "ఏమండీ, కన్నాలేవండీ?"

గుమాస్తాగారు తల గీరుకున్నాడు. "నేనే మూశానోయ్. ఊడిపోయాయనుకున్నా."

ఆవిడ ఏమీ అనలేదు. ఎప్పటిలాగే.

పెద్దాయన గునపం ఎత్తి ఒక ఇటుకను ఊరికే తాకాడు. అది లోపలికి జారిపోయింది. పక్కదాన్ని వేలితో నొక్కితే అదీ అంతే. పావుగంటలో అందరూ కలిసి వరుసల్లో ఉన్నవన్నీ చేతులతోనే తీసేశారు. ఆవిరి బుసబుసమని బయటికొచ్చి గోడ ఊపిరి పీల్చుకుంది. గడ్డంతా బయటికి లాగేశారు.

ఇంజనీరమ్మ ఒక ఇటుక తిప్పి చూసింది. "పెట్టేముందు నీళ్లలో నానబెట్టలేదా?"

"నానబెట్టాలా అమ్మా?"

"నానబెట్టుంటే సిమెంటు పట్టేసేది. ఉలితో కొట్టాల్సొచ్చేది, పాత ఇటుకలు చితికిపోయేవి." ఆమె నవ్వుతూ కాగితం మీద రాసింది: ఇటీవలి మరమ్మతు, పాత కట్టడానికి ఏ హానీ లేకుండా తీసివేయదగినది. కొట్టం జాబితాకు అర్హమైనది. అంతలో ఆమె కలం ఆగింది. "పాత పటంలో కన్నాలు నలభయ్యే. ఆ కింద మూసి ఉన్నదేంటి?"

"అది గాలికి కాదమ్మా, నాకు," అంది ఆవిడ. "చిన్నప్పుడు, లోపలికెళ్లిన తాతయ్య కనబడకపోతే ఏడ్చేదాన్నట. నా కంటి ఎత్తు చూసి ఒక ఇటుక లాగేశాడు."

గుమాస్తాగారు మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో ఆ ఒక్క ఇటుకనూ మెల్లగా లాగాడు. తన పని చేతికి ఊడొచ్చినందుకు జన్మలో మొదటిసారి సంతోషించాడు. లేచి లోపలికి వెళ్లి, అటువైపు వంగి నిలబడ్డాడు. ఆవిడ సంచీ కింద పెట్టి, చతికిలబడి కన్నానికి కన్ను ఆనించింది.

"కనబడుతున్నానా?"

"ఆఁ. నెత్తినిండా గడ్డి," అంది ఆవిడ. ఆ గొంతులో నవ్వూ ఉంది, తడీ ఉంది.

ఆ కాగితానికి ఆయనే ఫ్రేము కట్టించి, ఆయనే మేకు కొట్టి ముందు గదిలో తగిలించాడు. తెల్లారేసరికి అది నేల మీద ఉంది. గోడకు మాత్రం ఏ హానీ జరగలేదు.