ఎల్బీనగర్ బ్యాటరీ పరీక్షా కేంద్రం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఇకపై ఎవరూ టీవీ రిమోట్‌ను అరచేతిలో కొట్టుకోవాల్సిన అవసరం ఉండదని ఉపేంద్రగారు ప్రకటించారు. ప్రకటన మెట్రో స్టేషన్ మెట్ల పక్కన, ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి చేశారు.

ఉపేంద్రగారు వంకాయ రంగు కండువా పార్టీకి డివిజన్ ఇన్‌చార్జి. ఆయనకు కార్పొరేటర్ టికెట్ కావాలి. టికెట్ పెద్దసార్ చేతిలో ఉంది. పెద్దసార్ అంటే ఆ పార్టీ నాయకుడు విశ్వేశ్వరరావు. ప్రజలకు కొత్తగా ఏదైనా చేసినవాడికే టికెట్ అని పెద్దసార్ అన్నారు. రోడ్లు, డ్రైనేజీ పాతబడ్డాయి గనుక ఉపేంద్రగారు బ్యాటరీలను ఎంచుకున్నారు.

"ఫుట్‌పాత్ మీద సస్తా సెల్ కొంటే సెల్ ఖతం. షాపుల మంచి సెల్ కొంటే జేబు ఖతం. మనిషి పరేషాన్! ఏ సెల్‌కు పైసా వసూల్ అయితదో మన పార్టీ టెస్ట్ చేసి చెప్తది" అన్నారు.

విలేకరిని గనుక నేను రాసుకున్నాను. లోకల్ పేజీలో ఆ రోజు జాగా ఉంది.

ఎల్బీనగర్ పార్టీ ఆఫీసులో పరీక్షా కేంద్రం వెలిసింది. టెక్నికల్ కమిటీకి గంగాధరరావుగారు చైర్మన్. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ ఇంజనీరు. కమిటీలో సభ్యులు లేరు.

"టెస్ట్ ఎందుకండీ? గోడ గడియారానికీ రిమోట్‌కీ మామూలు సెల్ చాలు. బీపీ మిషన్‌కి ఆల్కలైన్ వేసుకోవాలి. పిల్లల బొమ్మలు రోజూ ఆడే ఇంట్లో రీఛార్జబుల్ కొంటే డబ్బులు మిగులుతాయి. అంతేనండీ" అన్నారాయన.

"గంత చిన్నగ చెప్తే టికెట్ ఎట్లొస్తది సార్?" అని ఉపేంద్రగారు అడిగారు.

పరీక్ష గోడ గడియారాల్లో జరపాలని తీర్మానించారు. ఇంట్లో గడియారం ఉన్నవాళ్లు తెచ్చి ఇవ్వాలని మైకులో చెప్పించారు. మా వైపు గోడ గడియారం కొనే అలవాటు లేదు. ఎన్నికలప్పుడు పార్టీలే పంచుతాయి. కాబట్టి వచ్చిన ప్రతి గడియారం మీదా ఏదో ఒక జెండా ఉంది. సరూర్‌నగర్ నుంచి అన్నమ్మ తెచ్చినదాని మీద ఇటుక రంగు పార్టీ జెండా ఉంది. వంకాయ రంగుకు బద్ధశత్రువు అదే.

"ఏందమ్మా గిది? ఓటు గూడ వాళ్లకే ఏసినవా?" అన్నారు ఉపేంద్రగారు.

"వాళ్లిచ్చిన్రు, గోడకు పెట్టిన. ఓటు సంగతి ప్రభువుకెరుక. నువ్వైతే ఏమియ్యలే గద కొడుకా" అంది అన్నమ్మ.

ఇంకో చిక్కు వచ్చింది. గడియారంలో కొత్త సెల్ ఏడాది నడుస్తుంది. టికెట్లు వచ్చే నెలలోనే. అందుకని రిమోట్‌లో పనిచేయడం మానేసిన సెల్సే వేయాలన్నారు. ప్రతి ఇంట్లోనూ చేసే పనే గనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు. గంగాధరరావుగారు మాత్రం తన ఇంటి నుంచి రీఛార్జబుల్ సెల్ పట్టుకొచ్చారు.

"ఇది అయిపోతే మళ్లీ ఛార్జింగ్ పెట్టుకోవచ్చండీ."

"పడ్డా మళ్ల లేస్తదా? వంకాయ రంగు గడియారంల గదే ఎయ్యండి! పెద్దసార్ గూడ రెండుసార్లు ఓడి లేచిండు."

"కాకపోతే వోల్టేజి కాస్త తక్కువండీ. మామూలు సెల్‌ది ఒకటిన్నర, దీనిది ఒకటీ పాయింట్ రెండు."

ఉపేంద్రగారు సెల్‌ను బల్ల మీద పెట్టేశారు.

"పెద్దసార్‌కు తక్కువ వోల్టేజా? ఎవరన్న ఇంటే నా బతుకేం గావాలె?"

రీఛార్జబుల్ అన్నమ్మ గడియారంలోకి వెళ్లింది. వంకాయ రంగు గడియారానికి ఉపేంద్రగారు తన సొంత రిమోట్ సెల్ సమర్పించారు.

వారం తిరక్కుండా వంకాయ రంగు గడియారం ఆగింది. మిగతావి నడుస్తున్నాయి. అప్పుడే పెద్దసార్ మర్నాడు తనిఖీకి వస్తున్నారని ఫోన్ వచ్చింది. ఉపేంద్రగారు లేచి తలుపు వేశారు.

"సార్ వచ్చేసరికి మన పార్టీ ఆగిపోయి ఉంటదా? టికెట్ పాయె!"

ఆల్కలైన్ సెల్ తెప్పించి వంకాయ రంగు గడియారంలో వేశారు. పోటీ సక్రమంగా ఉండాలని మిగతా గడియారాల్లోంచి సెల్స్ తీసేశారు.

"మరి దీన్ని టెస్ట్ అంటారా అండీ?" అన్నారు గంగాధరరావుగారు.

"ఎలక్షన్‌ను ఎలక్షన్ అంటలేరా సార్?"

మర్నాడు పొద్దున్నే పెద్దసార్ కారు దిగారు. ఆయన మెడలో ఇటుక రంగు కండువా ఉంది. ఇందాకే పార్టీ మారారని, అక్కడ కూడా టికెట్లు ఆయనే ఇస్తారని డ్రైవర్ చెప్పాడు.

పెద్దసార్ గోడ వైపు చూశారు. నడుస్తున్నది ఒక్క వంకాయ రంగు గడియారమే.

"ఏందయ్యా ఉపేంద్రా, మన గడియారం ఆగింది?" అని ఇటుక రంగు జెండా వైపు వేలు చూపించారు.

ఉపేంద్రగారు తన కండువా తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. స్టూలు ఎక్కారు. వంకాయ రంగు గడియారంలోని సెల్ తీసి అన్నమ్మ గడియారంలో వేశారు.

"టెస్ట్ నడుస్తంది సార్. ఇది ఆఖరి రౌండ్."

"ఏ సెల్ మంచిదని తేలింది?"

"ఏ పార్టీ గడియారంల ఏసినా నడిచేదే మంచి సెల్ సార్."

గడియారం తీసుకుపోదామని వచ్చిన అన్నమ్మ చేయి చాచింది. "జర ఆగమ్మా, ఇప్పుడిది మన పార్టీది" అన్నారు ఉపేంద్రగారు.

పెద్దసార్ తలాడించారు. "మంచిగ చేసినవ్. టికెట్ సంగతి సాయంత్రం మాట్లాడుదాం."

అన్నమ్మ గడియారం ముందురోజు సెల్ తీసినప్పుడు ఆగినచోటి నుంచే మళ్లీ నడుస్తోంది. ఉపేంద్రగారు స్టూలు మీదే ఉండి దాన్ని చూపించారు.

"సాయంత్రమే గద సార్. చూడుండ్రి, నాలుగూ పది."

పెద్దసార్ గోడ గడియారం చూశారు. తన చేతి వాచీ చూసుకున్నారు. వాచీ విప్పి, ముళ్లను నాలుగూ పదికి తిప్పి, మళ్లీ పెట్టుకున్నారు. టికెట్ ఉపేంద్రకే అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

బయట బండి మీద రెండో వాయి ఇడ్లీలు దించుతున్నారు.