గబ్బిలానికి మంచం

ఒక పెద్ద అడవిలో, అందరినీ సమానంగా చూడబోయి ఒక ముసలి గబ్బిలాన్ని చంపినంత పని చేశారు.

ఇది జరిగింది వృద్ధ జంతువుల ఆశ్రమంలో. దాన్ని నడిపేది కొండముచ్చు వజ్రమ్మ. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. నియమాలు పెట్టింది మాత్రం కార్యదర్శి కొంగ. ఆ నియమాలూ ఎక్కువేం లేవు. అందరికీ ఒకే రకం మంచం, ఒకే జావ, ఒకే వేళకు నిద్ర. ‘ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవు’ అని గుమ్మం మీద రాయించాడు కూడా.

ఆ ప్రకారమే ముళ్ళపందికి మెత్తటి పరుపు వేశారు. తెల్లారేసరికి గదంతా దూది. గుడ్లగూబ తాతని పొద్దున్నే సూర్యనమస్కారాలకు లేపారు. ఆయన కళ్ళు చిట్లించుకుంటూ వెళ్ళి చెట్టుకు నమస్కారం పెట్టి, దాన్నే గుద్దుకున్నాడు.

వాళ్ళు ఎలాగో సర్దుకున్నారు. సర్దుకోలేకపోయింది గబ్బిలం చీకటమ్మ. పుట్టిన నాటి నుంచి తలకిందులుగా వేలాడిన ప్రాణి. ఆమెను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, దొర్లి పడకుండా నడుముకు తీగ కట్టారు. కట్టింది వజ్రమ్మే.

“వజ్రం, కళ్ళు తిరుగుతున్నాయే.”

“పడుకున్నవాళ్ళకి కళ్ళెందుకు తిరుగుతాయి అవ్వా? జావ తాగు.”

“అది ఎటు పోతోందో తెలియట్లేదే. మా గొంతులు పైకి మింగుతాయి.”

వారం తిరిగేసరికి అవ్వ జావ ముట్టడం మానేసింది. రెక్కలు వాడిపోయిన ఆకుల్లా అయిపోయాయి. ఇలాగే ఉంటే అవ్వ దక్కదని వజ్రమ్మకు అర్థమైపోయింది. గబగబా కొంగ దగ్గరికి వెళ్ళింది. కొంగ వాగు ఒడ్డున ఒంటికాలి మీద కునుకు తీస్తున్నాడు.

“అయ్యా, అవ్వని కొమ్మకి తగిలిస్తే నాలుగు మెతుకులు తింటుంది.”

“ఇవాళ ఆవిడకి కొమ్మ ఇస్తే రేపు పంది బురద అడుగుతుంది. సమానత్వం ఏమైపోవాలి?”

“మరి తమరు ఒంటికాలి మీద నిద్రపోతున్నారు కదండీ?”

“నాది సంప్రదాయం వజ్రమ్మా. ఆవిడది మొండితనం.” రెండో కాలు దించకుండానే కాసేపు ఆలోచించాడు. “అలాగని మనం ఎవరి ఆచారాన్నీ చిన్నచూపు చూడం. గబ్బిలాల గౌరవ దినం జరుపుదాం. సింహం మహారాజుని పిలుద్దాం.”

నేరేడు చెట్టు కింద వేదిక వేశారు. గబ్బిలాల ఆచారానికి గౌరవంగా పెద్దలంతా కాసేపు తలకిందులుగా వేలాడాలని కొంగ ఏర్పాటు. సింహం వెనక కాళ్ళకు తీగలు కట్టి పైకి లాగారు. జూలు మొహం మీద పడి, ఉపన్యాసం జూలులోనే ఆగిపోయింది. పక్కనే ఎలుగుబంటి, పొద్దున తాగిన తేనె ఎక్కడ బయటికొస్తుందోనని నోరు గట్టిగా మూసుకుని వేలాడుతున్నాడు. కొంగ అక్కడా ఒంటికాలితోనే వేలాడాడు.

చీకటమ్మని మంచంతో సహా తెచ్చి వేదిక మీద పెట్టారు, వెల్లకిలా. మీద శాలువా కప్పారు. తీగ విప్పలేదు.

అవ్వ పైకి చూసింది. “వజ్రం, ఈ పండగ ఎవరిదే?”

“నీదే అవ్వా.”

“మరి నన్నెందుకే కట్టేశారు?”

వజ్రమ్మ గబుక్కున తీగ విప్పి, అవ్వని చంకనేసుకుని చెట్టెక్కి, పెద్దలకు దూరంగా ఓ సన్నటి కొమ్మకు తగిలించింది. కాలివేళ్ళు వాటంతట అవే కొమ్మను పట్టుకున్నాయి. శాలువా జారి కింద పడింది. చీకటమ్మ అందిన నేరేడు పండు నోట్లో వేసుకుని, చప్పరించి, పైకి మింగి, గింజ ఉమ్మింది.

“దించు ఆవిడని! పడితే జవాబుదారీ ఎవరు?” అని అరిచాడు కొంగ.

ఆ మాటకి పెద్దల కొమ్మ ఫెళ్ళున విరిగింది. ఎలుగుబంటి నేల మీద, సింహం ఎలుగుబంటి మీద, కొంగ సరిగ్గా చీకటమ్మ మంచం మీద పడ్డారు. కొంగకి కాలు బెణికింది. ఆశ్రమంలోనే చేర్చారు. అదే మంచం, అదే జావ.

“వజ్రమ్మా, పడుకుంటే ప్రాణం పోతోంది. నన్ను కాస్త నిలబెట్టవూ?”

“అలవాటైతే సర్దుకుంటారండీ.” తీగ ఇంకా వజ్రమ్మ చేతిలోనే ఉంది. దాని పొడవు కూడా చూసుకుంది.

“పోనీలేవే,” అంది దూలానికి వేలాడుతున్న చీకటమ్మ. “పాపం, ఆయనకి నిద్రంటే అదే తెలుసు.”

వజ్రమ్మ తీగని పొయ్యిలో పడేసింది. కొంగకి చంక కింద పంగల కర్ర దన్ను పెట్టి, బాగున్న కాలి మీద నిలబెట్టింది.

పై వారం మహారాజు ఆజ్ఞ వచ్చింది: వేలాడటం ప్రమాదకరం కనుక ఇకపై ఎవరూ వేలాడరాదు. వజ్రమ్మ దాన్ని గుమ్మానికి తగిలించింది, తలకిందులుగా. ఆ గుమ్మం దాటి ఎవరొచ్చినా ‘ఇంటి దగ్గర ఎలా పడుకునేవారు, ఏం తినేవారు’ అని అడగనిదే మంచం వాల్చకూడదని ఆ రోజే నిర్ణయించుకుంది. తనే ముసలిదై ఆ ఆశ్రమంలో చేరేదాకా ఆ మాట తప్పలేదు.

నీతి: ఇతరుల ఆచారాన్ని గౌరవించడం చాలా తేలిక, వాళ్ళని మాత్రం దాని దరిదాపులకు రానివ్వకూడదు.