ఆఖరి సీనులో చావు ఎవరిది?

ఆ శనివారం పొద్దున చంద్రిక అనుకున్నది ఒకటే. స్కూలు మీటింగులో వెనక వరుసలో కూర్చోవాలి, నోరు తెరవకూడదు, ఇంటికొచ్చి దోసెలు పోయాలి. తొమ్మిదో తరగతిలో చదువు మాన్పించి పెళ్లి చేసిన మనిషికి కువైట్‌లో ఇంగ్లీషు స్కూలు మీటింగంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. "ఏమడిగినా తల ఊపి వచ్చేస్తా," అని మొగుడికి చెప్పింది. సులైబియాలో కూరగాయల గోడౌనుకు డ్యూటీకి బయల్దేరిన పెంచల్ చెప్పులేసుకుంటూ, "యాడ ఊపాల్నో చూసుకోని ఊపు," అన్నాడు.

తీరా ముంచింది తల కాదు, చెయ్యి. ఇంగ్లీషు చెప్పే పద్మశ్రీ మేడమ్ ఈసారి వార్షికోత్సవానికి విక్టోరియా రాణి కాలం నాటి నవల ఒకటి నాటకంగా వేయిస్తున్నానంది. గడియారాల కొట్టు నడిపే కోపిష్టి మేనమామ పంచన చేరిన లూసీ అనే పిల్ల కథ అది. నవల చదివినవాళ్లెవరని అడిగితే తల్లులందరూ చేతులెత్తారు. చంద్రిక పక్కన కూర్చున్న కూతురు చైత్ర తిరిగి అమ్మ మొహంలోకి చూసింది. ఆ చూపు తట్టుకోలేక చంద్రిక చెయ్యి దానంతటదే లేచింది. భయంలో అందరికన్నా ఎత్తుగా లేచింది. మేడమ్‌కు ఆ ఉత్సాహం బాగా నచ్చి, ఇంట్లో నేర్పేవాళ్లున్నారు కదా అని లూసీ వేషం చైత్రకే ఇచ్చేసింది. చైత్ర ఇంటిదాకా అమ్మ చెయ్యి వదల్లేదు.

అసలు సంగతి దోసెల దగ్గర తెలిసింది.

"అమ్మా, లాస్ట్ సీన్లో నేను ఫీవరొచ్చి చచ్చిపోతా. తెల్ల దుప్పటి కప్పి చుట్టూ పూలు పెడతారంట. ఊపిరి తీసుకుంటున్నట్టు కనపడకూడదంట."

చంద్రిక చేతిలో గరిటె ఆగిపోయింది. నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో పడుకున్న పిల్ల చైత్ర. ఆ గుప్పెడు గుండె లేస్తోందా లేదా అని కళ్లార్పకుండా చూసిన తల్లి చంద్రిక. ఇప్పటికీ పిల్ల నిద్రలో దుప్పటి మొహం మీదికి లాక్కుంటే లేచి కిందికి లాగుతుంది. నాటకమే గదా అని పెంచల్ నచ్చజెప్పబోయాడు. "నాటకంలో గానీ యాడ గానీ, నా పాప మింద తెల్లగుడ్డ కప్పేదానికి లేదు," అంది చంద్రిక.

మర్నాడు పెంచల్ చేత ఫోన్‌లో ఆ నవల పేరు కొట్టించి చూస్తే, దాన్ని సినిమాలుగా, సీరియళ్లుగా, స్టేజీ నాటకాలుగా ఎంతమంది తీశారో లెక్కే దొరకలేదు. వాటిలో ఒక సినిమా కథను ఎవరో తెలుగులో గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. అందులో లూసీకి జ్వరం తగ్గిపోతుంది. చంద్రిక వెంటనే మేడమ్‌కు వాయిస్ మెసేజ్ పెట్టింది: "నవల్లో పాప సచ్చిపోదు మేడమ్. బాగైపోతాది." మేడమ్ ఎదురు చెప్పలేదు. నవల చదివిన ఒక తల్లి సూచన మేరకు ఆఖరి సీను మారుస్తున్నామని గ్రూపులో పెట్టింది.

గ్రూపు భగ్గుమంది. ముందుగా లేచింది కోనసీమ నుంచి వచ్చిన వెంకటదుర్గ. ఆమె కొడుకు నాగేంద్రది మేనమామ వేషం. "లూసీ చచ్చిపోకపోతే మావోడు ఎందుకేడవాలండి? పాపం వారం నుంచి ఉల్లిపాయ లేకుండా ఏడవడం నేర్చుకున్నాడండి," అని మెసేజ్ వచ్చింది. ఇంకొకావిడ నవల్లో లూసీ చచ్చి దెయ్యమై వస్తుందనీ, ఆ గౌను తాను కొనేశాననీ రాసింది. మరొకావిడ మేనమామది అసలు గడియారాల కొట్టు కాదు, సెల్‌ఫోన్ రిపేరు షాపు అంది. అట్టముక్కలతో గడియారాలు కత్తిరిస్తున్న తండ్రులు కత్తెరలు కింద పెట్టేశారు. అందరూ నవల చదివినవాళ్లే. విసిగిపోయిన మేడమ్, వచ్చే మీటింగుకు పుస్తకం తెచ్చి ఆ పేజీ చదివి వినిపించమని చంద్రికకే అప్పజెప్పింది.

పెంచల్ శుక్రవారం సంతలో వెతికి ఇటుకంత పాత పుస్తకం తెచ్చాడు. చంద్రిక దాన్ని ముందేసుకుని కూర్చుంది. పొయ్యి మీద అన్నం అడుగంటింది. లూసీ పేరు మాత్రం పోల్చుకోగలిగింది, ఆ వాక్యంలో లూసీ చస్తోందో, అన్నం తింటోందో తెలియలేదు. లూసీలు ఎక్కువగా కనిపించిన చోట హెయిర్‌పిన్ పెట్టింది. నాక్కూడా చదివి చెప్పవా అని చైత్ర పక్కన చేరితే, పనుందని వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి ఊరికే నిలబడింది.

మీటింగులో మేడమ్ కుర్చీ చూపించింది. "చదవండి చంద్రికగారూ, మేమూ వింటాం," అంది వెంకటదుర్గ. చంద్రిక పుస్తకం తెరిచింది. చైత్ర మొదటి వరుసలో మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వినడానికి సిద్ధంగా ఉంది. పిన్ను జారి కింద పడింది.

"నాకు సదవను రాదు మేడమ్. తొమ్మిదితో ఆపేసినారు. ఫోన్లో చూసి చెప్పినా. పుట్టినప్పుడు ఈ పాప బతకదన్నారు. నాకు ఆ దుప్పటి వద్దు, అంతే."

కూతురి వైపు చూడలేక నేల చూపులు చూసింది. నేల మీద పిన్ను తప్ప ఏమీ లేదు. మేడమ్ పుస్తకం అందుకుని, అట్ట అటూ ఇటూ తిప్పింది.

"నేనూ చదవలేదండి. కాలేజీలో టీవీ సీరియల్ చూసి పరీక్ష రాశాను."

వెంకటదుర్గ గొంతు సర్దుకుంది. "నేను చూసింది స్టేజీ నాటకమండి. అదీ సగం," అంది. ఒకరి తర్వాత ఒకరు చీరకొంగులు, చున్నీలు సర్దుకున్నారు.

ఆ వారం మేడమ్ ఆ ఇటుకను నిజంగానే చదివింది. నవల్లో లూసీ చనిపోదు, జనాన్ని ఏడిపించడానికి తర్వాత సినిమాలు, నాటకాలు తీసినవాళ్లు చంపారు. చనిపోయేది లూసీ తల్లి. మూడో అధ్యాయంలో, తెల్ల దుప్పటి కింద, ఆమె అన్న, ఆ కోపిష్టి మేనమామే, పక్కన కూలబడి ఏడుస్తుండగా. ఆ సీను ఎవరూ తీయలేదు. తర్వాతి మీటింగులో, ఈసారి పుస్తకంలో ఉన్నట్టే వేద్దామని, తల్లి వేషానికి ఎవరి అమ్మాయిని పంపుతారని మేడమ్ అడిగింది. దుప్పటి సంగతి విన్నాక, నాటకమే కదా, అంత పట్టింపేమిటని గ్రూపులో చంద్రికను వెక్కిరించిన తల్లులంతా ఉన్నారక్కడ. ఒకావిడ కూతురికి జాతకంలో గండం ఉందట. ఇంకో పిల్లకు దుమ్ము పడదట. వెంకటదుర్గ తన చిన్నమ్మాయికి జలుబు అంది. ఆ పిల్ల పక్కనే గంతులేస్తోంది.

"నేను పండుకుంటా మేడమ్," అంది చంద్రిక.

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. చంద్రిక దుప్పటి కింద ఊపిరి బిగబట్టి పడుకుంది. నాగేంద్ర ఉల్లిపాయ లేకుండానే ఏడ్చాడు. చైత్ర మంచం పక్కకొచ్చి, చెప్పాల్సిన ఇంగ్లీషు ముక్క మరిచిపోయి, దుప్పటిని అమ్మ మొహం మీది నుంచి మెల్లగా కిందికి లాగింది. "ఊపిరి తీసుకోమ్మా, ఎవరూ చూడడం లేదులే," అని చెవిలో చెప్పింది. చంద్రిక మూసిన కళ్ల పక్క నుంచి నీళ్లు జారాయి. శవం ఏడవడం ముందు వరుసలో అందరికీ కనిపించింది.

మొదటి రోజు అనుకున్నట్టు చంద్రిక నోరు తెరవకుండా కూర్చోలేకపోయింది గానీ, నోరు తెరవకుండా పడుకుని, ఇంటికొచ్చి దోసెలు పోసింది.