ఫ్రిజ్‌లోంచి పిలుపు

శనివారం పొద్దున ఎడ్గర్ థాకరే పెట్టుకున్న పని ఒక్కటే. మున్సిపాలిటీ లారీ వచ్చేలోగా, పారేయడానికి వెనక సందులో నిలబెట్టిన పాత ఫ్రిజ్ గడియ ఊడదీయాలి. మూతపడిన మాంసం కొట్టు నుంచి భార్య మాడ్ చవగ్గా తెచ్చిన నిలువెత్తు ఫ్రిజ్ అది. చెల్లెలింటికి బయల్దేరుతూ మాడ్, "పిల్లలెవరైనా దూరితే? ఊరందరికీ చెప్పింది నువ్వే కదా," అంది.

నిజమే, కాని ఆ సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఏడు, అంటే డెబ్బై మూడులో, ప్రభుత్వం వారు పిల్లల కార్యక్రమాల మధ్య టీవీలో ఒక హెచ్చరిక చిత్రం వేస్తున్నారు. పొగమంచు, ఖాళీ స్థలం, పారేసిన ఫ్రిజ్. దానిలోంచి ఒక గొంతు పిల్లల్ని పేరుపెట్టి ఎంతో ప్రేమగా పిలుస్తుంది. వెళ్లిన పిల్లలు మళ్లీ కనిపించరు. ఆ గొంతు ఎడ్గర్‌ది. మామూలుగా అతనిది పీల గొంతే. రేకు పీపాలో తల పెట్టించి మాట్లాడించేసరికి అలా లోతుగా, బొంగురుగా వచ్చింది. తమ ఊరు హాలిఫాక్స్‌లో సగంమంది పిల్లలు నిద్రపోవడం లేదని విని, సిగ్గుపడి ఎవరితోనూ అనలేదు.

గడియ పట్టే కొక్కెం చట్రానికి లోపలివైపు ఉంది. అరలు తీసేసి, లోపల ముడుచుకు కూర్చుని మర తిప్పుతుండగా గాలి విసిరింది. తలుపు మెత్తగా మూసుకుని గడియ పడింది. స్క్రూడ్రైవర్ అప్పటికే జారి బయట పడింది.

అరిగిన రబ్బరు సందులోంచి వెంట్రుకంత వెలుగు, కాస్త గాలి వస్తున్నాయి. బయట ఎవరో తడిబట్టలు దులుపుతున్న చప్పుడు. పక్కింటి డొరీన్ అయుంటుందనుకున్నాడు. ఆమె బెదరకూడదని వీలైనంత మెల్లగా పిలిచాడు.

"డొరీన్ గారూ... దగ్గరికి రండి. తలుపు తీయండి."

డొరీన్ చేతిలో దుప్పటి జారిపోయింది. ఏడేళ్ల కూతురు జానిస్ ఆమె గౌను పట్టుకుంది. ఎవరని అడిగితే, ఎడ్గర్‌నని జవాబొచ్చింది. ఎడ్గర్ గొంతు డొరీన్‌కి తెలుసు. ఇది అది కాదు, టీవీలో ఫ్రిజ్‌లోంచి వచ్చేది.

"ఆయన్నేం చేశావు?"

"లోపలే ఉన్నాను," అంది గొంతు. "ఇక్కడ చాలా చీకటిగా ఉంది. పోనీ, జానిస్‌ని పంపండి."

డొరీన్ దండెం తాడు కోసి, ఫ్రిజ్ చుట్టూ చుట్లు చుట్టి బిగించేసింది. సందులోని ఆడవాళ్లంతా చేరారు. ఎడ్గర్ ఆశగా ఒక్కొక్కరినీ మాటను బట్టి గుర్తుపట్టి, పేరుపెట్టి పిలిచాడు. డొరీన్ తప్ప అందరూ ఒక్కొక్కరే ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నారు. టీవీలో చెప్పిందీ అదే, దగ్గరికి పోవద్దని.

లారీ వచ్చింది. ఇద్దరు పనివాళ్లు, ఇంత జాగ్రత్తగా కట్టినందుకు డొరీన్‌ని మెచ్చుకుని ఫ్రిజ్‌ని ఒరిగించారు. లోపల ఏదో బరువుగా దొర్లింది. అప్పటికి ఎడ్గర్‌కి ఊపిరాడటం లేదు. పిలవడం మానేసి, ముక్కు ఎగబీల్చుకుంటూ సన్నగా ఏడవసాగాడు. పనివాళ్లు ఫ్రిజ్‌ని దించేసి వెనక్కి జరిగారు.

జానిస్ తల్లి గౌను వదిలింది.

"అమ్మా, దానికి భయమేస్తోంది."

"దగ్గరికి పోకు."

"నేనూ రాత్రిళ్లు అలాగే ఏడుస్తానమ్మా."

పిల్ల తాడు ముడి విప్పి, గడియ లాగింది. ఎడ్గర్ మోకాళ్ల మీద బయటికి పాకాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. జానిస్ అతన్ని తేరిపార చూసి, అతని వెనక ఖాళీలోకి తొంగిచూసి, టీవీలో మాయమైన పిల్లలు ఏరని అడిగింది.

ఎడ్గర్ నేలమీదే చతికిలబడి మొత్తం చెప్పేశాడు. పీపా సంగతి, గొంతు సంగతి, ఆ పిల్లలంతా షూటింగ్ కాగానే కేకులు తిని ఇళ్లకు పోయిన సంగతి. డొరీన్ అతని భుజాల మీద తడి దుప్పటి కప్పింది.

లారీవాళ్లు మాత్రం ఫ్రిజ్‌ని అక్కడే వదిలేసి వెళ్లారు. మాట్లాడే సామాను ఎక్కించుకోమని తమకి ఉత్తర్వులు లేవన్నారు.